ఇంజను దీపము తెలుపు మాట

రాజామునుండి చీపురుపల్లి పోవు త్రోవలో గోగునార మోపులతోను, కూరగాయల గంపలతోను నిండి పోవుచుండు పికప్పు బండ్లను మన విద్యార్థు లందఱు నెఱుగుదురు. గత వేసవిలో మేమొక పాత పికప్పులో ప్రయాణము చేయుచుండగా, చోదకుని యెదుటి పలకమీద నంటించిన కాగితపు ముక్క యొకటి యూడిపడెను. దాని క్రింద ఇంజను ఆకారముగల పసుపుపచ్చని దీపము వెలుగుచుండెను! మూడు నెలలనుండి అది యట్లే యున్నదనియు, ఒక దుకాణమున సెన్సారు మార్పించి రెండు దినముల కిరాయి పోగొట్టుకొన్నను ఆఱలేదనియు అతడు చెప్పెను.

ఈ దీప మేల వెలుగును? ఇంజనులోని వేడిమిని, గాలిని, ఇంధనమును కనిపెట్టుటకు సెన్సారులు గలవు. అవి పంపు వార్తలను చిన్న కంప్యూటరు చదువుచుండును. వార్త హద్దు మీఱినచో అది దీపమును వెలిగించి, ఒక కోడును దాచుకొనును. అమెరికాలో 1996 సంవత్సరపు నమూనాలనుండి కార్లకును తేలిక ట్రక్కులకును ఈ యేర్పాటు తప్పనిసరి యయ్యెను. మన దేశమున దీనిని వెంటబెట్టుకొని వచ్చిన భారత్ స్టేజి 4 ప్రమాణము 2017 ఏప్రిలు 1 నుండి దేశమంతటను అమలయ్యెను.

స్టీరింగు క్రింద 16 పిన్నుల సాకెట్టు ఉండును. దానికి మేము స్కానరు తగిలింపగా 'పి 0113' అని కనబడెను. 'పి' యనగా ఇంజను, గేరు సంబంధము. తరువాతి సున్న యన్ని కంపెనీలకును సమానమైన కోడని తెలుపును. దాని ప్రక్కనున్న 1 గాలి, ఇంధనముల విభాగము. మొత్తముమీద, ఇంజనులోనికి పోవు గాలి వేడిమిని తెలుపు వైరుపై ఓల్టేజి మిక్కిలి హెచ్చుగా నున్నదని యర్థము. సెన్సారు చెడినదని కోడు చెప్పలేదు సుమా! దుకాణమువారు పొరబడిన దిచ్చటనే.

ఆ సెన్సారు వేడెక్కినకొలది విద్యుత్తునకు నిరోధము తగ్గును, చల్లబడినకొలది పెరుగును. కంప్యూటరు దానికి 5 ఓల్టులు పంపుచుండును. వైరు తెగినచో ఆ 5 ఓల్టులును తగ్గక నిలిచిపోవును. దానిని కంప్యూటరు ఘోరమైన చలియని యెంచును. స్కానరులో చూడగా గాలి వేడిమి సున్నకు క్రింద 40 డిగ్రీలని యుండెను. చోదకుడు తువాలుతో చెమట తుడుచుకొనుచుండెను.

సెన్సారు ప్లగ్గు నూడదీసి, బండివైపు వైరుల కొనలు రెండింటిని చిన్న తీగతో కలిపితిమి. వైరు మంచిదైనచో అంకె వెంటనే మిక్కిలి వేడివైపునకు దుమకవలెను. దుమకలేదు. (రెండే వైరులుగల సెన్సారునకే ఈ పరీక్ష, మూడు వైరులున్నచోట నిట్లు కలుపరాదు.) వైరు వెంబడి వెదకగా, ఎయిర్ ఫిల్టరు పెట్టె వెనుక ఎలుక కొఱికిన చోటు దొరకెను. అతికి, టేపు చుట్టగా అంకె 43 డిగ్రీలకు వచ్చెను. అంతకుమున్ను కోడును చెఱిపివేయలేదు. చెఱిపినచో తప్పు జరిగిన సమయపు లెక్కలును పోవును.

పెట్రోలు బండిలో ఈ దీపము మినుకుమినుకుమనినచో వేగము తగ్గించి వెంటనే ఆపవలెను. మండని యింధనము పొగగొట్టములోని శుద్ధియంత్రమును పాడుచేయును. ఎఱ్ఱని ఆయిలు దీపము సంగతి వేఱు. అది వెలిగినచో ఒక్క ఫర్లాంగైనను నడుపరాదు.

చోదకుడు పాత సెన్సారును పాఱవేయక అరలో దాచియుంచెను. దానిని మరల బిగించి చూచితిమి. అదియు 43 డిగ్రీలే చూపెను.