32 రేకుల లెక్క తేలాకే నిద్ర

అనకాపల్లి: విశాఖ సాగరతీరంలోని టి.యు.-142 విమానాన్ని చూడని వారు ఈ ప్రాంతంలో అరుదు. 1988 నుంచి 2017 వరకు నౌకాదళంలో సముద్రంపై నిఘా వేసి, 2017 డిసెంబరులో ప్రదర్శనశాలగా మారిన ఆ విమానాన్ని తన పెంకుటింట్లో చెక్కుతున్నారు సమీప గ్రామానికి చెందిన ఓ వడ్రంగి.

అసలు విమానం పొడవు సుమారు 53 మీటర్లు. రెక్కలు కొస నుంచి కొసకు 50 మీటర్లు. మీటరుకు సెంటీమీటరు లెక్కన నమూనా కడుతున్నారు. కర్ర ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడే. మెత్తన కనుక ఉలికి ఇట్టే లొంగుతుంది.

చిక్కల్లా ప్రొపెల్లర్లతోనే. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఒకటి ఇటు, ఒకటి అటు తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు, ఒక్కో ప్రొపెల్లరుకు నాలుగు రేకులు. వెరసి 32. ఒక్కో రేకు మూడు సెంటీమీటర్లయినా లేదు. ఇంట్లోనేమో ఏడాదిన్నర పాప. దొరికిందల్లా నోట్లోకే.

ఒకనాడు రేకు ఒకటి తగ్గింది. పాప బుగ్గలో కనిపిస్తే తల్లి చప్పున తీసేసింది. "విమానం కావాలో, పిల్ల కావాలో తేల్చుకో మావా" అంటూ ఉలి అటక ఎక్కించింది. నెల రోజులు పని ఆగింది.

చివరకు వడ్రంగి తల్లి రాజీ కుదిర్చారు. పాప నిద్రపోయాకే పని. అతికినవీ, డబ్బాలోవీ కలిపి 32 ఉన్నాయని భార్యాభర్తలిద్దరూ లెక్క చూసి మూత బిగించాలి. ఒకటి తగ్గినా దీపం ఆర్పరాదు.

పాపకు విడి భాగాలేవీ లేని అంకుడు విమానం వేరే చెక్కి ఇచ్చారు. దాని ముక్కు మీద ఇప్పటికే పాలపళ్ల గాట్లు పడ్డాయి. పెద్ద విమానానికి ఇంకా తొమ్మిది రేకులు అతకాలి.