సైరంధ్రి అడవిలో ఒక పూట

పిల్లలకు సెలవులు వచ్చాయంటే "ఎక్కడికైనా వెళ్దాం" అనే పేచీ ప్రతి ఇంట్లోనూ ఉండేదే. మా ఇంట్లో ఊటీ అయిపోయింది, జూ సంగతి సరేసరి. ఈసారి దసరాకు అసలైన వానల అడవి చూపిద్దామని కేరళలోని సైలెంట్ వ్యాలీకి వెళ్ళాం. మీలో ఎవరికైనా అటువంటి ఆలోచన ఉంటే పనికొస్తుందని నాలుగు మాటలు చెబుతాను.

పాలక్కాడ్‌లో రైలు దిగి, మన్నార్కాడ్ మీదుగా ముక్కాలి అనే చిన్న ఊరు చేరాలి. సొంత కారున్నా అక్కడ ఆపెయ్యాల్సిందే. అటవీశాఖ అనుమతించిన జీపులో, గైడు తోడుగా, 23 కిలోమీటర్లు లోపలికి పోతే సైరంధ్రి అనే చోటు వస్తుంది. పక్కనే పారే ఏరు పేరు కుంతి. పాండవులు ఇక్కడ తిరిగారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. దారిలోనే వాన పట్టుకుంది. "విరాటపర్వం చదివితేనే వానలు పడతాయంటారు, ఇక సైరంధ్రి పేరే పెట్టుకున్న చోట పడక ఏం చేస్తుంది!" అన్నారు మా అత్తగారు.

కీచురాళ్ళ రొద లేదు కనుక సైలెంట్ వ్యాలీ అన్నారని ఒక కథ ఉంది. నమ్మకండి, మేం చెవులారా విన్నాం.

ముందుగా పిల్లలకు ఒక మాట చెప్పి తీసుకెళ్ళండి: అడవి అంటే జూ కాదు. బోనులు ఉండవు, పేర్ల బోర్డులు ఉండవు. మేం చెప్పలేదు. మా చిన్నవాడు అరగంటకే "పులి ఏదీ?" అని మొహం మాడ్చుకున్నాడు. వానల అడవిలో చెట్లు వంద అడుగులు, ఆపైన కూడా పెరిగి, పైన పందిరిలా కలిసిపోతాయి. ఎండలో నూటికి ఒకటి రెండు పాళ్ళే నేలకు దిగుతుంది. పువ్వూ కాయా అంతా పైనే. తిండి ఎక్కడుంటే ప్రాణులూ అక్కడే కదా! కనుక నేల మీద వెతక్కండి. మాటలు ఆపి, ఒకచోట నిలబడి, తలెత్తి చూడండి. గాలి లేకుండా కొమ్మ కదిలితే అక్కడ ఎవరో ఉన్నట్టే.

అలాగే కనిపించింది సింగళీకం. ఒళ్ళంతా నలుపు, మొహం చుట్టూ బూడిదరంగు జూలు, తోక చివర సింహానికున్నట్టు కుచ్చు. ఈ కోతి పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడి అడవిలోనూ లేదు. చిన్న పనసకాయలా ముళ్ళుండే కాయ ఒకటి ఆ అడవిలో కాస్తుంది. అక్కడివాళ్ళు వెడిప్లావు అంటారు. ఆ చెట్టు పూలూ గింజలూ దీనికి ముఖ్యమైన తిండి. చెట్లు పోతే కోతీ పోయినట్టే.

చెప్పడానికి సిగ్గుగానే ఉంది, మా చిన్నవాడు దానికి బిస్కెట్ విసిరాడు. పొట్లం చేతికిచ్చింది నేనే. గైడు కసిరి, దిగి వెళ్ళి ఆ బిస్కెట్ ఏరుకొచ్చాడు. నాకు మొదట కోపం వచ్చింది, చంటివాడి మీద ఇంత కసురా అని. తర్వాత ఆయనే విడమర్చి చెప్పాడు. తమిళనాడులో వాల్పారై దగ్గర తేయాకు తోటల మధ్య మిగిలిన అడవి ముక్కల్లో ఇవే కోతులు ఉన్నాయి. మనుషుల తిండికి అలవాటుపడి రోడ్డెక్కి, వాహనాల కింద పడి చచ్చిపోయాయి. అవి కిందికి దిగకుండా దాటాలని రోడ్డుకు పైన, చెట్టు నుంచి చెట్టుకు వంతెనలు కట్టాల్సివచ్చింది. దేవుడి గుడి దగ్గర కోతికి అరటిపండు పెట్టే అలవాటు మనది. ఇక్కడ ఆ చెయ్యి కట్టుకోవాలి.

తిరిగేటప్పుడు నెత్తిమీద రైలింజను ఆవిరి వదిలినట్టు చప్పుడు. పెద్ద హార్న్‌బిల్ పక్షి రెక్కలట! గుడ్లు పెట్టే వేళకు ఆడపక్షి చెట్టు తొర్రలో చేరి, సన్నని సందు మాత్రం వదిలి వాకిలి మూసేసుకుంటుంది. పురిటిగది అన్నమాట. నెలల తరబడి మగపక్షి పళ్ళు తెచ్చి ఆ సందులోంచి నోటికి అందిస్తుంది. మా వారి వైపు చూశాను, ఆయన దుర్భిణీ సర్దుకుంటున్నారు!

జలగల సంగతి మరిచాను. వానాకాలంలో తప్పవు. నొప్పి తెలియదు, విషం లేదు. నెత్తురు గడ్డకట్టకుండా చేస్తాయి కనుక ఊడాక కూడా కాసేపు కారుతుంది, కంగారు పడకండి. పట్టి లాగకుండా గోటి అంచుతో పక్కకు నెట్టండి. పొడుగు మేజోళ్ళు తప్పనిసరి, చీర కుచ్చెళ్ళు అసలు పనికిరావు. అత్తగారికి ఆ రోజు నాలుగు పట్టాయి.

సైరంధ్రిలో ఎత్తైన గోపురం ఎక్కితే లోయంతా కనిపిస్తుంది. సరిగ్గా ఆ ప్రాంతంలోనే కుంతి ఏటికి అడ్డంగా కరెంటు కోసం ఆనకట్ట కట్టాలని 1970లలో ప్రభుత్వం పూనుకుంది. బడిపంతుళ్ళు, శాస్త్రజ్ఞులు, సుగతకుమారి వంటి కవయిత్రులు ఊరూరా తిరిగి వద్దన్నారు. కరెంటు వద్దనడం తేలికేం కాదు, అది లేని ఇళ్ళు అప్పుడు ఎన్నో. చివరికి 1983లో ఆ పథకం మానుకున్నారు, 1984లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.

కింద ఏటి ఒడ్డున మా అమ్మాయి అడిగింది, "అమ్మా, ఆనకట్ట కట్టుంటే మనం నిలబడ్డ ఈ చోటు?" నీళ్ళ కింద ఉండేదని చెప్పాను. అత్తగారు దోసిలితో కుంతి నీళ్ళు తీసుకుని పిల్లలిద్దరి తలల మీదా చల్లారు. ఈలోగా జీపు హారన్ వినిపించింది.