నడకకు గడియారమే కొలబద్ద

షుగరు, బీ.పీ. ఉన్నవారికి "రోజూ నడవండి" అని డాక్టరు గారు చెప్పగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న: "ఎన్ని కిలోమీటర్లు నడవాలె?" దీనికి మేము చెప్పే జవాబు ఒకటే. మొదట కిలోమీటర్ల సంగతి వదిలేయండి, నిమిషాలు లెక్కపెట్టండి.

నిమిషాలే ఎందుకు?

ఒకే ఇంట్లోని తండ్రీకొడుకులను తీసుకుందాం. 2 కి.మీ. దూరాన్ని కొడుకు 20 నిమిషాల్లో నడుస్తాడు. మోకాళ్ల నొప్పులున్న తండ్రికి 40 నిమిషాలు పడుతుంది. దూరం ఒకటే గాని కష్టం ఒకటి కాదు. అదే "20 నిమిషాలు" అనుకుంటే ఎవరి శక్తి కొద్దీ వారు నడుస్తారు.

రోజుకు 10,000 అడుగులు వేయాలనే మాట కూడా మీరు వినే ఉంటారు. అది వైద్యులు పెట్టిన లెక్క కాదు. 1965లో జపానులో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరాన్ని ఆ పేరుతో అమ్మారు. అక్కడి నుండి ఆ మాట పాకింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ప్రకారం పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన శ్రమ కావాలి. అంటే రోజుకు 30 నిమిషాల చొప్పున 5 రోజులు. నాట్లు, కలుపు, పత్తి ఏరడం వంటి పొలం పని కూడా శ్రమ కిందికే వస్తుంది. పని లేని నెలల్లోను, రోజంతా దుకాణంలోనో కుట్టుమిషను ముందో కూర్చునేవారికీ నడక తప్పనిసరి.

ఎలా మొదలుపెట్టాలి?

మొదటి వారం: రోజుకు 10 నిమిషాలు
రెండవ వారం: 15 నిమిషాలు
మూడవ వారం: 20 నిమిషాలు
నాలుగవ వారం: 25 నిమిషాలు
అయిదవ వారం: 30 నిమిషాలు

ఒక వారం కష్టమనిపిస్తే మరుసటి వారం కూడా అదే లెక్క నడవండి. ఒకేసారి 30 నిమిషాలు వీలుకాకపోతే పదేసి నిమిషాలు మూడుసార్లు నడవవచ్చు. భోజనం తరువాత నడిస్తే షుగరు తగ్గుతుంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. నడిచిన నిమిషాలను గోడమీది క్యాలెండరులో రాసి పెట్టండి.

తొందరపడితే ఏమవుతుంది?

షుగరు ఉన్నవారు మొదటిరోజే చెప్పుల్లేకుండానో, బిగుతు చెప్పులతోనో దూరం నడిస్తే కాలికి బొబ్బ వస్తుంది. స్పర్శ తగ్గిన పాదానికి నొప్పి తెలియదు. ఆ బొబ్బే పుండవుతుంది, ఒక్కోసారి వేలు తీసేయాల్సి వస్తుంది. అందుకే మెత్తని బూట్లు, సాక్సులు వేసుకోండి. రాత్రి పడుకునే ముందు రెండు పాదాలూ చూసుకోండి. ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో చక్కెర ఉంచుకోండి.

ఛాతీలో నొప్పి, విపరీతమైన ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆగి 108కి ఫోన్ చేయండి. గుండె జబ్బు ఉన్నవారు, ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు, వెన్నుపూస బిగుసుకుపోయినవారు ముందుగా డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

ఎండాకాలం ఉదయం 7 లోపే ముగించండి. సూర్యాపేట–జనగామ రోడ్డు మీద చీకట్లో నడవడం ప్రమాదం. స్కూలు గ్రౌండు మేలు.

పరుగెత్తే పిల్లలకు

పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే యువతకు మాత్రం దూరం, సమయం రెండూ లెక్కే. తెలంగాణలో 2022 నాటి నియామకాల్లో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాల్సి వచ్చింది. 400 మీటర్ల ట్రాకుపై పురుషులకు ఒక్కో రౌండుకు సుమారు 1 నిమిషం 48 సెకన్లు, స్త్రీలకు 2 నిమిషాల 40 సెకన్లు.

వీరు కూడా ముందు నడక, ఆ తరువాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టాలి. ఆగకుండా పూర్తి దూరం నెమ్మదిగా పరుగెత్తగలిగిన తరువాతే గడియారం చూడాలి. వారానికి రెండు రోజులే గట్టిగా పరుగెత్తాలి. పిక్క ఎముక నొస్తుంటే ఆగాలి. నోటిఫికేషన్ వచ్చాక కాదు, నెలల ముందే మొదలుపెట్టాలి.

ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు మీ క్యాలెండరు కాగితం కూడా తెచ్చి చూపించండి. ఆ నిమిషాలు, మీ షుగరు, బీ.పీ. లెక్కలు పక్కపక్కన పెట్టి చూద్దాం.