వాడేది ఒకరు.. అడిగేది ఒకరు.. ఖర్చుకు ఒప్పుకొనేది మరొకరు!

ఐటీ కొలువు అనగానే చాలామందికి కోడింగే గుర్తొస్తుంది. సర్వీస్ డెస్క్, అప్లికేషన్ సపోర్ట్ లాంటి విభాగాల్లోనూ ఫ్రెషర్లకు అవకాశాలుంటాయి. ఆ ఇంటర్వ్యూల్లో ఎదురయ్యే ప్రశ్నల్లో ఒకటి: 'కస్టమర్‌కీ, యూజర్‌కీ తేడా ఏంటి?' రెండూ ఒకటే కదా అనేస్తే అక్కడే మార్కులు పోతాయి.

మూడు పాత్రలు

ఐటీ సేవల నిర్వహణకు ఎక్కువ సంస్థలు అనుసరించే మార్గదర్శకాలు ఐటీఐఎల్. 1980ల్లో బ్రిటన్ ప్రభుత్వ విభాగం ఒకటి వీటిని మొదలుపెట్టింది. 2019లో వచ్చిన ఐటీఐఎల్ 4 ప్రకారం సేవ పొందేవారిలో మూడు పాత్రలుంటాయి.

కస్టమర్: సేవ ఎలా ఉండాలో నిర్దేశించి, దానివల్ల వచ్చే ఫలితాలకు బాధ్యత వహించేవారు.

యూజర్: ఆ సేవను వాడేవారు.

స్పాన్సర్: అందుకయ్యే బడ్జెట్‌కు ఆమోదం తెలిపేవారు.

మీసేవలో చూద్దాం

2011 నవంబరులో మొదలైన మీసేవ మనందరికీ తెలిసిందే. ఆదాయ ధ్రువపత్రం కోసం జనగామలో ఓ కేంద్రానికి వెళ్లారనుకుందాం. ఆపరేటర్ వివరాలు నమోదు చేస్తారు. తహసీల్దారు కార్యాలయంలో పరిశీలన జరుగుతుంది. డిజిటల్ సంతకం పడ్డాక పత్రం చేతికొస్తుంది.

ఇక్కడ ఆపరేటర్, తహసీల్దారు కార్యాలయ సిబ్బంది యూజర్లు. ఏ వివరాలు అడగాలి, ఏ పత్రాలు జతచేయాలి, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి అనేవి తేల్చే రెవెన్యూ శాఖను కస్టమర్‌గా చూడొచ్చు. ఖర్చుకు ఆమోదం తెలిపేవారు స్పాన్సర్. మరి మీరు? ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే మీరూ యూజరే. కౌంటర్‌లో ఇస్తే సిస్టమ్‌ను ముట్టుకోరు, కానీ పత్రం ఆగితే నష్టం మీకే. స్కాలర్‌షిప్ గడువు ఎవరి కోసమూ ఆగదు కదా! సపోర్ట్‌లో పనిచేసేవారు టికెట్ వెనకున్న ఈ మనిషిని మరిచిపోకూడదు.

ఫోన్ ఎవరిది? పని ఎవరిది?

సర్వీస్ డెస్క్‌కు ఈ మూడు ఫోన్లు వచ్చాయనుకోండి.

• 'లాగిన్ అవ్వట్లేదు': ఇది యూజర్ సమస్య. వెంటనే సేవను పునరుద్ధరించాలి.

• 'ఫారంలో ఇంకో గడి పెట్టండి': అడిగింది యూజరే. అవసరం నిజమే కావొచ్చు, నిర్ణయం మాత్రం కస్టమర్‌ది. నమోదు చేసి మార్పుల ప్రక్రియకు పంపాలి. 'సరే, పెట్టేస్తాం' అని మాటిస్తే చిక్కే.

• 'అడ్మిషన్ల సీజన్‌లో సర్వర్ సామర్థ్యం పెంచండి': కస్టమర్ కోరినా, ఖర్చుంది కాబట్టి స్పాన్సర్ ఆమోదం కావాలి.

ముగ్గురినీ ఒకే గాటన కడితే ఇంకో ప్రమాదం ఉంది. 'నెలలో 99 శాతం సమయం సిస్టమ్ పనిచేసింది' అన్న నివేదిక చూసి కస్టమర్ సంతోషిస్తారు. మిగిలిన ఆ ఒక్క శాతం అంటే నెలకు ఏడు గంటలకు పైనే. అది సరిగ్గా గడువు రోజే వస్తే కౌంటర్ల దగ్గర యూజర్ల పాట్లు చెప్పనక్కర్లేదు. ఇలాంటి నివేదికల్ని ఈ రంగంలో పుచ్చకాయతో పోలుస్తారు. పైన పచ్చన, లోపల ఎరుపు!

ఒక్కరే మూడూ కావొచ్చు

ఇవి మనుషుల పేర్లు కావు, పాత్రలు. ఫోన్ రీఛార్జ్ ప్లాన్ మీరే ఎంచుకుని, మీ జీతంతో కట్టి, మీరే వాడితే మూడు పాత్రలూ మీవే. డబ్బులు నాన్న ఇస్తే స్పాన్సర్ ఆయనే.

సన్నద్ధత ఇలా

జనగామ నుంచి రైలెక్కితే ఒకవైపు హైదరాబాద్, మరోవైపు వరంగల్. వరంగల్ దగ్గర మడికొండలోనూ 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు ప్రారంభమయ్యాయి. ఎక్కడ ప్రయత్నించినా ఈ పునాది పనికొస్తుంది.

ఐటీఐఎల్ 4 ఫౌండేషన్ పరీక్షలో 40 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, 60 నిమిషాల వ్యవధి. 26 సరైతే పాస్. ఫీజు ఎక్కువే కాబట్టి ముందు భావనలపై పట్టు తెచ్చుకుని, మీరు కోరుకునే ఉద్యోగాల ప్రకటనల్లో దాన్ని అడుగుతున్నారో లేదో చూసుకుని కట్టండి. సర్వీస్‌నౌ సంస్థ సాధన కోసం ఉచితంగా ఇచ్చే డెవలపర్ ఇన్‌స్టాన్స్‌లో టికెట్లు సృష్టించడం, కేటాయించడం, ముగించడం చేసి చూడండి.

ఇంటర్వ్యూలో నిర్వచనం చెప్పి ఆగొద్దు, ఉదాహరణ జోడించండి. అందుకు ఇవాళే ఓ చిన్న కసరత్తు: మీ కాలేజీ ఫీజు పోర్టల్ తీసుకోండి. యూజర్ ఎవరు, కస్టమర్ ఎవరు, స్పాన్సర్ ఎవరు? కాగితంపై రాసి, ఎందుకో ఒక్కో వాక్యంలో చెప్పగలిగితే ఆ ప్రశ్నకు మీరు సిద్ధమైనట్టే.