రెండు రాష్ట్రాల బడి: సాలూరు కొండల్లో కొటియా

వేగావతి ఒడ్డున ఉన్న సాలూరుకు లారీల ఊరని పేరు. విజయనగరం నుంచి రాయపూర్ వైపు వెళ్లే జాతీయ రహదారి ఊరి మీదుగానే పోతుంది. పొద్దున్నే ఆ లారీల సందుల్లోంచి ప్రైవేటు స్కూళ్ల పసుపు బస్సులు బయల్దేరతాయి. ర్యాంకుల పరుగు ఏ పట్నంలోనైనా ఉన్నదే. వింత పోటీ చూడాలంటే మాత్రం కొండ ఎక్కాలి.

ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో కొటియా గ్రామాలు 21. మావంటే మావని రెండు రాష్ట్రాలూ పట్టుబట్టాయి. ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకెక్కితే, 2006లో ఆ దావా తన పరిధిలోది కాదని కోర్టు తేల్చింది. ఉన్నది ఉన్నట్టుగా సాగనివ్వమంది. దాంతో చాలామందికి రెండు ఓట్లు, రెండు రేషన్ కార్డులు. బడులూ అంతే, ఒకటి తెలుగు, ఒకటి ఒడియా. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర ఇక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే, ఒడిశా కోర్టు ధిక్కారమంటూ మళ్లీ ఢిల్లీ వెళ్లింది. పిల్లల కోసం ఇంత పంతం పట్టే ప్రభుత్వాలు ఇంకెక్కడా కనబడవేమో! కానీ ఇక్కడి గిరిజనులైన కోందుల ఇళ్లలో అమ్మ పిలిచేది కువి భాషలో. అది తెలుగూ కాదు, ఒడియా కాదు. పట్నం పిల్లాడికి పుట్టుకతోనే దక్కిన బడిభాషను ఈ పిల్లాడు అక్షరాలతో పాటే కొత్తగా నేర్చుకోవాలి.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. 2004 ప్రాంతంలో కువి సహా ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే, వాచకాలు రాయించింది. అంతకు ముందు, 2000 జనవరిలో, జీవో 3 తెచ్చి ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. బయటి నుంచి వచ్చిన పంతుళ్లు కొండ మీద నిలవకపోవడం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. నూటికి నూరు శాతం కోటా ఎస్సీ, బీసీలకే కాక ఇతర గిరిజనులకూ అన్యాయమంటూ 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. న్యాయసూత్రంగా అది కాదనలేని మాటే. ఒకటో తరగతి పిల్లాడి వైపు నుంచి చూస్తే మాత్రం లెక్క మారుతుంది.

స్వయంగా చూసి రావాలనుకుంటే, విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరుకు ఆర్టీసీ బస్సులున్నాయి, సుమారు 60 కిలోమీటర్లు. అక్కడి నుంచి కొటియాకు సొంత బండి మేలు. వానాకాలం వద్దు.

ఆ దారికి దగ్గర్లోనే, మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయ ప్రాంగణానికి 2023 ఆగస్టు 25న శంకుస్థాపన జరిగింది. వర్సిటీ రావాల్సిందే. అంతకంటే ముందు కొటియా ఒకటో తరగతిలో కువి వచ్చిన టీచరు ఉండాలి.