బేస్ గిటారులో గుయ్‌మనే రొద ఎందుకు? పికప్, నెక్ నిర్మాణాల ఎంపికలో తెలుసుకోవలసిన విషయాలు

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో మలంచా ఒక ప్రధాన నివాస ప్రాంతం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉపాధి కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్లిన కుటుంబాల వారసులు నేటికీ ఈ పట్టణంలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఇక్కడ పూజా పందిళ్ల వేదికలపై జరిగే పాటల కార్యక్రమాలకు ఎలక్ట్రిక్ బేస్ గిటారు అవసరమవుతుంది. దానిని కొనాలనుకునే వారికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని కోల్‌కతాలో, లాల్‌బజార్ వాద్యాల దుకాణాలు ఉండనే ఉన్నాయి.

దుకాణంలో సాధారణంగా కలప గురించి, రంగు గురించి ఎక్కువ మాటలు వినిపిస్తాయి. వాద్యం ఇంటికి చేరాక అసలు ఇబ్బంది మరోచోట ఎదురవుతుంది. యాంప్లిఫయర్ ఆన్ చేయగానే తంతిని మీటకముందే గుయ్‌మనే రొద మొదలవుతుంది. ఈ రొదకు కారణం తెలిస్తే ఏ పికప్ ఎంచుకోవాలో తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, రొదను వదిలించుకోవడానికి ఏ పని ఎన్నటికీ చేయకూడదో తెలుస్తుంది.

తంతి కదలిక విద్యుత్తుగా మారే తీరు

పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన పరికరం. పైనున్న ఉక్కు తంతి కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి తీగచుట్టలో స్వల్ప విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే దీనికి ఆధారం.

అయితే తీగచుట్టకు తంతి కంపనానికీ, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రానికీ తేడా తెలియదు. రెండింటినీ ఒకేలా గ్రహిస్తుంది. ట్యూబ్‌లైటు చోకు, ఫ్యాను రెగ్యులేటర్, యాంప్లిఫయర్‌లోని సొంత ట్రాన్స్‌ఫార్మర్ దీనికి మూలాలు. రైలు మార్గాలపై ఉండే 25 వేల వోల్టుల తీగలలోనూ 50 హెర్ట్జ్ విద్యుత్తే ప్రవహిస్తుంది. కానీ దూరం పెరిగే కొద్దీ క్షేత్రం బలహీనపడుతుంది. అందువల్ల ఇంట్లో వినిపించే రొదకు మొదట గదిలోని పరికరాలనే అనుమానించాలి.

బేస్‌కు ఈ సమస్య మరింత చిక్కు. ఆరు తంతుల గిటారులో అతి మంద్రమైన ‘ఇ’ తంతి 82.4 హెర్ట్జ్ వద్ద మోగుతుంది. కనుక అంతకన్నా దిగువనున్న 50 హెర్ట్జ్ రొదను కొంతవరకు కత్తిరించవచ్చు. బేస్‌లో ‘ఇ’ తంతి 41.2 హెర్ట్జ్, ‘ఎ’ తంతి 55 హెర్ట్జ్. ‘ఇ’ తంతి మూడో ఫ్రెట్ వద్ద పలికే ‘జి’ స్వరం 49 హెర్ట్జ్. అంటే రొద బేస్ స్వరాల మధ్యలోనే కూర్చుంటుంది. దానిని కత్తిరిస్తే స్వరమూ పోతుంది. వాద్యంపై ఉండే టోన్ మీట హెచ్చు పౌనఃపున్యాలను మాత్రమే తగ్గిస్తుంది కాబట్టి అదీ ఇక్కడ అక్కరకు రాదు.

పికప్‌లలో ప్రధాన రకాలు

సింగిల్ కాయిల్: ఒకే తీగచుట్ట ఉంటుంది. ధ్వని స్పష్టంగా ఉంటుంది, రొదనూ పూర్తిగా గ్రహిస్తుంది. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో మొదట ఇదే ఉండేది.

స్ప్లిట్ కాయిల్: 1957లో ప్రెసిషన్ బేస్ పికప్‌ను రెండు ముక్కలు చేశారు. ఒకటి రెండు మంద్ర తంతులను, రెండోది మిగిలిన రెండింటిని గ్రహిస్తుంది. రెండింటి అయస్కాంత ధ్రువాలు, చుట్టిన దిశలు పరస్పరం వ్యతిరేకం. బయటి రొద రెండు చుట్టల్లో ఎదురెదురుగా పుట్టి రద్దవుతుంది. తంతి ధ్వని మాత్రం నిలుస్తుంది.

రెండు సింగిల్ కాయిళ్లు: 1960 నాటి జాజ్ బేస్ పద్ధతి ఇది. రెండు పికప్‌ల మీటలనూ సమానంగా తెరిచినప్పుడే రొద రద్దవుతుంది. ఒకదానిని తగ్గిస్తే తిరిగి వినిపిస్తుంది.

హంబకర్: రెండు చుట్టలూ పక్కపక్కనే ఉండి నాలుగు తంతులనూ గ్రహిస్తాయి. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. అందులో బ్యాటరీతో పనిచేసే ప్రీయాంప్ కూడా ఉంటుంది. బ్యాటరీ అయిపోతే ధ్వని ఆగుతుంది కనుక కార్యక్రమానికి వెళ్లేటప్పుడు అదనంగా ఒకటి ఉంచుకోవాలి.

పికప్ రకంతో సమానంగా దాని స్థానమూ ముఖ్యం. బ్రిడ్జి దగ్గర తంతి ఊగు తక్కువ. అక్కడ మూలస్వరం పలచబడి అనుస్వరాలు ముందుకు వస్తాయి, ధ్వని గట్టిగా, పదునుగా ఉంటుంది. నెక్ వైపు జరిగే కొద్దీ ధ్వని గుండ్రంగా, గంభీరంగా మారుతుంది.

నెక్ కలిపే మూడు పద్ధతులు

నాలుగు తంతులూ కలిసి నెక్‌ను సుమారు 70 నుంచి 80 కిలోల బరువుతో సమానంగా లాగుతాయి. ఆ లాగుడును తట్టుకునేలా నెక్‌ను బాడీకి మూడు విధాలుగా కలుపుతారు.

ఫెండర్ అనుసరించిన బోల్ట్-ఆన్ పద్ధతిలో నెక్‌ను మరలతో బిగిస్తారు. విప్పి కోణం సరిచేయవచ్చు, అవసరమైతే మార్చవచ్చు. గిబ్సన్ 1953లో తెచ్చిన బేస్‌లో నెక్‌ను జిగురుతో అతికించారు. 1957 నాటి రికెన్‌బ్యాకర్ 4000లో నెక్ కలప బాడీ గుండా చివరిదాకా సాగుతుంది. మూడో పద్ధతిలో పై ఫ్రెట్లను చేయి సులువుగా అందుకుంటుంది. కానీ నెక్ పాడైతే బాగుచేయడం చాలా కష్టం.

ఖరగ్‌పూర్ వర్షాకాలపు తేమకు కలప ఉబ్బుతుంది, చలికాలంలో కుంచించుకుంటుంది. నెక్ వంపు ఏడాదిలో ఒకటి రెండుసార్లు మారడం సహజం. నెక్ లోపలి ట్రస్ రాడ్‌ను తిప్పి దానిని సరిచేస్తారు. అందువల్ల ఇక్కడి వారికి, తాళం సులువుగా అందే ట్రస్ రాడ్, బోల్ట్-ఆన్ నెక్ ఉన్న వాద్యం నిర్వహణకు తేలిక.

కలప ప్రభావం మాటేమిటి? 1980ల ఆరంభంలో నెడ్ స్టైన్‌బర్గర్ కార్బన్ ఫైబర్ మిశ్రమంతో చేసిన బేస్ ప్రపంచ వేదికలపై చక్కగా మోగింది. బేస్‌కు కలప తప్పనిసరి కాదనడానికి అది చాలు. అయినా నిర్మాణం ప్రభావం శూన్యమని కాదు. నెక్ సహజంగా కంపించే పౌనఃపున్యం ఏదైనా స్వరంతో కలిస్తే ఆ ఫ్రెట్ వద్ద ధ్వని త్వరగా చచ్చిపోతుంది. ‘జి’ తంతిపై ఐదు నుంచి ఏడో ఫ్రెట్ వరకు ఇది తరచుగా కనిపిస్తుంది.

రొద తగ్గించడానికి ఎర్త్ పిన్ను విరవకూడదు

రొద తగ్గుతుందని కొందరు యాంప్లిఫయర్ ప్లగ్‌లోని ఎర్త్ పిన్నును విరుస్తారు. ఇది ప్రాణాంతకం. బేస్ తంతులు బ్రిడ్జి, కేబుల్ మీదుగా యాంప్లిఫయర్ లోహపు చట్రానికి కలిసి ఉంటాయి. ఎర్త్ లేనప్పుడు యాంప్లిఫయర్‌లో లోపం తలెత్తితే తంతులలోకే కరెంటు వస్తుంది. ఆ స్థితిలో ఎర్త్ ఉన్న మైకును పెదవులు తాకితే విద్యుత్తు శరీరం గుండా సాగుతుంది. ఎర్త్ లోపం ఏ వైపున ఉన్నా ప్రమాదమే. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృంద గిటారిస్టు లెస్ హార్వే, సరైన ఎర్త్ లేని మైకును తాకి వేదికపైనే మరణించారు. తడి నేల, తాత్కాలిక వైరింగ్, జనరేటర్ ఉండే పందిళ్లలో ఈ జాగ్రత్త మరింత అవసరం. వేదిక సరఫరాకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో నిర్వాహకులను ముందే అడగాలి.

రొద మూలాన్ని క్షేమంగా కనుగొనే మార్గాలు ఉన్నాయి. ఎర్త్ సరిగా ఉందని తేలాక, తంతులపై చేయి పెడితే రొద తగ్గితే అది విద్యుత్ క్షేత్రం వల్ల కలిగేది. వాద్యం లోపలి గుంతకు రాగి రేకు అతికించి దానిని సర్క్యూట్ గ్రౌండ్‌కు కలిపితే చాలావరకు పోతుంది. చేయి పెట్టినా తగ్గక, వాద్యాన్ని పక్కకు తిప్పితే మారుతుంటే అది అయస్కాంత రొద. రాగి రేకు దానిని ఆపలేదు. స్ప్లిట్ కాయిల్ లేదా హంబకరే దానికి విరుగుడు. రెండు పరికరాలను కలిపినప్పుడు మాత్రమే రొద వస్తే, సిగ్నల్ వైపు గ్రౌండ్‌ను విడదీసే మీట ఉన్న డీఐ బాక్సు వాడాలి.

కొనేముందు దుకాణంలో మూడు పరీక్షలు చేయడం మేలు. వాద్యాన్ని ట్యూబ్‌లైటు దగ్గరకు తీసుకెళ్లి రొద వినాలి. ప్రతి ఫ్రెట్ వద్ద స్వరం ఎంతసేపు నిలుస్తుందో గమనించాలి. ట్రస్ రాడ్ తిరుగుతుందో లేదో దుకాణదారుతోనే చూపించమనాలి. వీటిలో నెగ్గిన వాద్యానికి ఏ కలప వాడారన్నది ఆ తర్వాత అడిగినా ఆలస్యం కాదు.