వార్తల్లో పదం: రెసిపీ కాస్టింగ్

విమానంలో చేతికందే బిర్యానీ డబ్బా తయారీకి ఎంత పడింది? ఆ లెక్కే రెసిపీ కాస్టింగ్. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక అక్కడ వెలసిన ఫ్లైట్ కిచెన్ల లాంటి పెద్ద వంటశాలలకు ఇది ప్రాణం. చేతిరాతతో తేలే పని కాదు, సాఫ్ట్‌వేర్ కావాలి.

అందులో దినుసు వేరు, కొన్న సరుకు వేరు. ఉల్లిపాయ దినుసు. 50 కిలోల బస్తా, ఒలిచిన ఉల్లి ప్యాకెట్ సరుకులు. వంటకంలో దినుసు పేరే రాస్తారు, ధర సరుకు నుంచి వస్తుంది. వ్యాపారి మారినా వంటకాన్ని తిరగరాయక్కర్లేదు. వేయించిన ఉల్లి కొంటే మాత్రం దాన్ని వేరే దినుసుగా చూపాలి.

చాలామంది దెబ్బతినేది తరుగు దగ్గర. కిలో 36 రూపాయలకు కొన్న ఉల్లిలో పొట్టు, కుళ్లు పోగా 900 గ్రాములే మిగిలితే, వాడే ఉల్లి కిలో 40 పడినట్టు.

2023 జులైలో టమాటా కిలో వంద దాటింది. అలాంటప్పుడు ఒక్కచోట ధర మారిస్తే టమాటా పడే ప్రతి వంటకం ఖర్చూ మారిపోతుంది. విమానసంస్థతో ముందే రేటు ఒప్పుకున్నవారికి ఆ సమాచారం అదే రోజు తెలియాలి.

కొత్తిమీర కట్టల్లో కొంటారు, వంటకంలో గ్రాముల్లో రాస్తారు. అందుకే కట్టను అప్పుడప్పుడూ తూకం వేసి ఆ బరువు నమోదు చేయాలి.